చలిదేశం కాస్త వేడెక్కితే నష్టమేంటి? బ్రిటన్‌లో ఇల్లు కొనేముందు ఒక సందేహం

కొత్తచిగురు
ఆదివారం, సాయంత్రం 5.10

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. మేం ఇంగ్లండ్ వచ్చి నాలుగేళ్లయింది, ఇప్పుడు ఇల్లు కొనుక్కుందామని తిరుగుతున్నాం. రెండు మనసుకు పట్టాయి. ఒకటి దక్షిణ లండన్‌లో కొత్తగా కట్టిన ఫ్లాట్, పై అంతస్తు, హాల్లో పడమటి గోడ మొత్తం అద్దమే. రెండోది వెస్ట్ యార్క్‌షైర్‌లో పాత రాతి ఇల్లు, వెనక గుమ్మం తీస్తే ఏరు కనిపిస్తుంది. ఇద్దరం ఇంటినుంచే పని చేస్తాం కాబట్టి ఎక్కడున్నా ఇబ్బంది లేదు.

ముప్పై ఏళ్ల అప్పు తీసుకుంటున్నాం. ఆ ముప్పై ఏళ్లలో ఇక్కడి వాతావరణం మారిపోతుందని అందరూ అంటున్నారు. మా ఆయనేమో, "ఇది చలిదేశం, రెండు డిగ్రీలు పెరిగితే కొంప మునిగేదేముంది? హీటింగ్ బిల్లు తగ్గుతుంది, వేసవి ఇంకో నెల దొరుకుతుంది" అంటారు. ఆయన మాటకు నా దగ్గర జవాబు లేదు, అలాగని నా మనసు ఒప్పుకోవడమూ లేదు. ఏళ్ల తరబడి ఇక్కడ ఉంటున్నవాళ్లు, ఆయా పనుల్లో ఉన్నవాళ్లు మీ కళ్లతో చూసింది చెప్తారా?

ఊలుకోటు
ఆదివారం, సాయంత్రం 6.25

నేను మీవారి పక్షమే. గ్లాస్గోలో పద్నాలుగేళ్లుగా ఉంటున్నాను. ఈ దేశంలో ఇప్పటికీ ఎండకంటే చలికే ఎక్కువమంది పోతున్నారు. హీటింగ్ వేసుకునే స్తోమత లేక, గోడలకు చెమ్మ పట్టి, ఆ బూజు పీలుస్తూ దగ్గుతూ బతికే ముసలివాళ్లను మా వీధిలోనే చూశాను. చలికాలం కాస్త మెత్తబడితే వాళ్లకు మేలే కదా. అంతా నష్టమేనని చెప్పేవాళ్లు ఈ సంగతి దాటేస్తారు. ఇక 40 డిగ్రీలంటారా, 45 చూసి పెరిగినవాళ్లం మనం.

నైట్‌డ్యూటీ
ఆదివారం, రాత్రి 11.50

ఊలుకోటు గారూ, చలి గురించి మీరన్నది నిజమే. ఆ 45 మాటకు మాత్రం జవాబు చెప్పకుండా ఉండలేను.

ఈస్ట్ మిడ్‌లాండ్స్‌లో వృద్ధుల వార్డులో నర్సును. 2022 జులై 19న డ్యూటీలో ఉన్నాను. ఆ రోజే లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది. ఈ దేశంలో 40 దాటడం అదే మొదలు. అంతకుముందు రికార్డు 2019 జులైలో కేంబ్రిడ్జ్‌లో వచ్చిన 38.7.

మా వార్డు మూడో అంతస్తు. రోగులు పడిపోకుండా కిటికీలను బెత్తెడు కంటే ఎక్కువ తెరుచుకోకుండా బిగించారు. ఏసీ లేదు. మందుల గదిలో ఉష్ణోగ్రత 25 దాటకూడదు, మధ్యాహ్నం మూడింటికి అక్కడి థర్మామీటరు 31 చూపిస్తోంది. కిటికీ పక్క మంచంలో ఎనభై ఏడేళ్లావిడ. ఏడాదంతా వేసుకునే ఊలు కార్డిగన్ విప్పనంటే విప్పనంది. నీళ్లిస్తే దాహం లేదంది. ఆ వయసులో ఒంట్లో నీరు అయిపోతున్నా దాహం తెలియదు. చెయ్యి పట్టుకుంటే కాగితంలా పొడిగా, వేడిగా ఉంది. చెమట లేదు. చెమట పట్టడం ఆగిపోయిందంటేనే మాకు భయం. ఆ రాత్రంతా తడిగుడ్డలు మార్చడం, చెంచాతో నీళ్లు పట్టడం. ఆవిడ తట్టుకుంది. ఆ వారంలో అందరూ తట్టుకోలేదు.

ఆ వేసవి వడగాడ్పుల్లో ఇంగ్లండ్‌లో దాదాపు 3,000 మంది అదనంగా చనిపోయారని యూకే హెల్త్ సెక్యూరిటీ ఏజెన్సీ లెక్కకట్టింది. దాదాపు అందరూ 65 దాటినవాళ్లే. ఎండలో తిరిగి పడిపోయినవాళ్లు తక్కువ. ఇళ్లలో, కేర్‌హోముల్లో, ఆసుపత్రుల్లో మంచం మీదో కుర్చీలోనో ఉన్నవాళ్లే ఎక్కువ. 2003 ఆగస్టులోనూ ఇంగ్లండ్‌లో 2,000 మందికి పైగా ఇలాగే పోయారు. వేడికి ఒళ్లు అలవాటు పడడానికి వారాలు కావాలి, ఇక్కడ వేడి రెండు రోజుల్లో వచ్చి మీద పడుతుంది. గుండెజబ్బుకు వాడే నీరు తీసే మాత్రలు వేసుకునేవాళ్లకు ఆ రెండు రోజులే చాలు.

ఊలుకోటు
సోమవారం, ఉదయం 7.05

నాకు ఈ సంగతి తెలియదమ్మా. 45 మాట వెనక్కి తీసుకుంటున్నాను. చలి మాట మాత్రం అలాగే ఉంచుతాను.

ఇటుకగోడ
సోమవారం, ఉదయం 10.30

ఇళ్ల సర్వే నా పని. పద్దెనిమిదేళ్లుగా లండన్, సర్రే, కెంట్ చుట్టూ తిరుగుతున్నాను. కొత్తచిగురు గారూ, అద్దం గోడ పడమటి వైపని చదవగానే రాయాలనిపించింది.

ఇక్కడి ఇల్లు వేడిని బయటికి పోనివ్వకుండా కట్టిన డబ్బా. మందపాటి ఇన్సులేషన్, రెండు పొరల అద్దం, సందులన్నీ మూత. జనవరిలో అది వరమే. జులైలో మాత్రం సాయంత్రం నాలుగు మొదలు తొమ్మిది దాకా పడమటి ఎండ ఏటవాలుగా గదిలోకి దిగుతుంది, దిగిన వేడికి తిరిగి పోయే దారి ఉండదు. కిటికీలన్నీ ఒకే వైపున్న ఫ్లాట్‌లో గాలి ఇటునుంచి అటు ఆడదు. లోపల కర్టెన్ వేస్తే సరిపోతుందనుకుంటారు చాలామంది. ఎండ అద్దం దాటేశాక కర్టెన్ చేసేదేం లేదు, ఆ గుడ్డే కాగి గదిని కాస్తుంది. ఎండను అద్దానికి బయటే ఆపాలి. ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్‌లలో ప్రతి కిటికీకీ బయట చెక్క రెక్కలు అందుకే ఉంటాయి. ఇక్కడ అవి పెట్టాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు, ఇన్నాళ్లూ అవసరం పడలేదు.

2022 జూన్ నుంచి ఇంగ్లండ్‌లో కట్టే కొత్త ఇళ్లకు అతివేడి రాకుండా చూడాలని బిల్డింగ్ రెగ్యులేషన్స్‌లో "పార్ట్ ఓ" చేరింది. దానికి ముందు అనుమతి తీసుకున్న భవనాలు ఆ నిబంధన కిందికి రాకపోవచ్చు. మీరు చూసిన ఫ్లాట్ ఏ నిబంధనల కింద కట్టారో కాగితం చూపించమనండి.

ఇంకోటి నేల. లండన్ కింద ఉన్నది బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. వేసవి పొడిగా సాగి, పక్కన పెద్ద చెట్టు కూడా ఉందనుకోండి, వేళ్లు మిగిలిన తడినీ లాగేస్తాయి, పునాది ఒక మూల దిగుతుంది. 2018, 2022 వేసవుల తర్వాత ఇలాంటి ఇన్సూరెన్స్ క్లెయిములు ఒక్కసారిగా పెరిగాయి. ఒక ఇంట్లో నేను చూసిన పగులు ఇటుకల మధ్య అతుకు వెంబడే మెట్లు మెట్లుగా ఎక్కింది. కింద వెంట్రుకంత, పైన చూరు దగ్గర పౌండు నాణెం అంచు దూరేంత. పడగ్గది తలుపు ఆగస్టులో పట్టేస్తుందట, ఫిబ్రవరికి మళ్లీ మామూలుగా పడుతుందట. ఆ ఇంటావిడ ఇల్లు పాతదై తలుపు వంగిందనుకుంది. కదులుతున్నది ఇంటి కింది మట్టి.

పట్టాలపక్క
సోమవారం, మధ్యాహ్నం 1.15

ఇటుకగోడ గారు ఇళ్ల గురించి చెప్పిందే మా పట్టాలకూ వర్తిస్తుంది. నేను రైల్వే ట్రాక్ మెయింటెనెన్స్‌లో ఉన్నాను.

ఇక్కడి ప్రధాన లైన్లలో పట్టాలను సందు వదలకుండా పొడవునా వెల్డింగ్ చేస్తారు. పట్టా 27 డిగ్రీల దగ్గర ఏ ఒత్తిడీ లేకుండా ఉండేలా బిగిస్తారు. బ్రిటన్ వేసవికి కుదిరిన లెక్క అది. నేరుగా ఎండ పడితే ఉక్కు గాలికంటే 20 డిగ్రీల దాకా ఎక్కువ కాగుతుంది, అంటే గాలి 40 ఉంటే పట్టా 60. కిలోమీటరు పొడవు పట్టా ప్రతి 10 డిగ్రీలకూ 12 సెంటీమీటర్లు సాగాలని చూస్తుంది. సాగే చోటు లేకపోతే పక్కకు పాములా మెలిక తిరుగుతుంది. అందుకే వేగం తగ్గించేస్తాం, మరీ ఎక్కువైతే లైనే మూసేస్తాం. 2022 జులై 19న లండన్ కింగ్స్‌క్రాస్ నుంచి ఉత్తరానికి పోయే ఈస్ట్‌కోస్ట్ మెయిన్‌లైన్ అలాగే మూతపడింది. దానికి ముందు రోజు ల్యూటన్ విమానాశ్రయంలో రన్‌వే ఉపరితలం కొంత మేర ఉబ్బి లేచింది.

ఆ రెండు రోజులూ పట్టాకు అయస్కాంతంతో అతుక్కునే థర్మామీటరు పెట్టి అరగంటకోసారి రాసుకుంటూ కూర్చున్నాం. బూటు అడుగున కంకర వేడి తెలిసేది. మలుపుల దగ్గరా పాయింట్ల దగ్గరా పట్టా పక్కలకు తెల్ల రంగు పూస్తాం, దాంతో ఐదు నుంచి పది డిగ్రీలు తగ్గుతుంది.

"ఆ 27ను పెంచి బిగించొచ్చుగా" అని నన్ను చాలామంది అడుగుతారు. వేడి దేశాల్లో అలాగే చేస్తారు. ఇక్కడ అలా చేస్తే జనవరిలో మైనస్‌కు పోయిన రాత్రి పట్టా బిగుసుకుని విరుగుతుంది. మీవారి ప్రశ్నకు నా జవాబు ఇదేనండీ. ఎండ పెరుగుతోంది, అయినా చలి రాత్రులు పూర్తిగా పోవు. ఎక్కువ చలీ ఎక్కువ వేడీ కాని ఒక సన్నటి పట్టీకి కొలత తీసి కట్టుకున్న దేశం ఇది. ఇళ్లు, పట్టాలు, వాన నీటి కాలువలు, నైట్‌డ్యూటీ గారి వార్డు కిటికీలు, అన్నీ ఆ కొలతకే. రెండు డిగ్రీలు మనిషికి ఏమంత కాదు, ఆ కొలతకు చాలా ఎక్కువ.

కొత్తచిగురు
సోమవారం, రాత్రి 8.40

ఇవన్నీ మా ఆయనకు చదివి వినిపించాను. పట్టాల గురించి రెండుసార్లు చదివించుకున్నారు. ఇప్పుడాయన మనసు రాతి ఇంటి మీదికి మళ్లింది. "ఉత్తరాన చల్లగా ఉంటుంది, గోడలు రెండడుగుల మందం, అదే నయం" అంటున్నారు. ఏటి సంగతి ఎవరైనా చెప్తారా? గోడకీ ఏటికీ మధ్య పాతిక అడుగులుంటాయి.

ఏటిగట్టు
సోమవారం, రాత్రి 10.20

కొంప మునిగేదేముందన్నారు మీవారు. మాది మునిగింది. తప్పుగా అనుకోకండి, ఉన్నదున్నట్టు చెప్తున్నాను.

మాదీ వెస్ట్ యార్క్‌షైరే, కాల్డర్ లోయలో హెబ్డెన్ బ్రిడ్జ్ దగ్గర. 2015, క్రిస్మస్ మర్నాడు పొద్దున్న సైరన్ మోగింది. ఈ లోయ ఊళ్లలో వరదకు సైరన్లున్నాయి. గుమ్మానికి ఇసుక బస్తాలు పేర్చి కాపలా కూర్చున్నాం. నీళ్లు గుమ్మం వైపునుంచి రాలేదు. వంటింటి నేల పలకల సందుల్లోంచి బుడగలు బుడగలుగా పైకొచ్చాయి. రెండు గంటల్లో ఓవెన్ మునిగింది. సాయంత్రానికి నీరు తీసింది, ఒండ్రు మిగిలింది. మురుగూ డీజిలూ కలిసిన వాసన. గోడ కాగితం మీద నా నడుము ఎత్తున ఈ చివరినుంచి ఆ చివరికి గోధుమరంగు గీత. ఆ గీత కింది ప్లాస్టరంతా కొట్టేశాం. గోడలు ఆరడానికే ఐదు నెలలు పట్టింది, పిల్లలతో వేరే ఊళ్లో అద్దెకున్నాం.

దానికి మూడు వారాల ముందే, డిసెంబరు 5న, స్టార్మ్ డెస్మండ్ అనే తుపానులో కంబ్రియాలోని హానిస్టర్ పాస్ దగ్గర 24 గంటల్లో 341.4 మిల్లీమీటర్లు కురిసింది. ఈ దేశంలో ఒక్క రోజు వానకు అదే రికార్డు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకుంటుంది. ఆ ఎక్కువంతా మా ఇరుకు లోయలో ఒక్క ఏట్లోకే దిగాలి.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ వెబ్‌సైట్లో ఆ పోస్ట్‌కోడ్‌కు వరద ముప్పు ఎంతో చూడండి. ఏటి వరద ఒక్కటే చూసి ఊరుకోకండి, కొండమీదనుంచి రోడ్డు వెంట దిగే వాననీటి ముప్పు పక్కనే విడిగా ఇస్తారు, అదీ చూడండి. వరద ముప్పున్న ఇళ్లకూ అందుబాటు ధరలో బీమా దొరకాలని 2016లో "ఫ్లడ్ రీ" అనే ఏర్పాటు తెచ్చారు. 2009 జనవరి 1 తర్వాత కట్టిన ఇళ్లకు అది వర్తించదు. మీది పాత ఇల్లు కాబట్టి ఆ చిక్కు లేదు. కానీ ఆ ఏర్పాటు 2039తో ముగుస్తుంది, మీ అప్పు దాన్ని దాటి ఎన్నో ఏళ్లు నడుస్తుంది. బ్యాంకు వాళ్లు మీకు ఈ మాట చెప్పకపోవచ్చు, మీరే అడగండి.

కొనొద్దని మాత్రం అనను. మేం ఈ లోయ వదల్లేదు. మళ్లీ కట్టుకున్నప్పుడు స్విచ్చులూ ప్లగ్గులూ ఛాతీ ఎత్తుకు లేపాం. కింద సున్నం పూత, రాతి పలకలు, వంటింట్లో స్టీలు అరలు. నేలలో గొయ్యి తీసి పంపు పెట్టాం. 2020 ఫిబ్రవరిలో స్టార్మ్ కియారాకు నీళ్లు మళ్లీ వచ్చాయి. మూడు వారాల్లో అదే వంటింట్లో అన్నం వండుకున్నాం.

ఊలుకోటు
మంగళవారం, ఉదయం 7.30

ఏటిగట్టు గారూ, చదువుతుంటే గుండె పట్టేసింది. ఒక్కటి మాత్రం మనస్ఫూర్తిగా అడుగుతున్నాను. వరదలు ఈ దేశానికి కొత్తా? 1953లో తూర్పు తీరం మునిగి ఇంగ్లండ్‌లో 307 మంది పోయారు. 1976లో ఎండ కాసిన తీరు మా పక్కింటి పెద్దాయన ఇప్పటికీ చెప్తాడు. అప్పుడు ఎవరూ వాతావరణ మార్పు అనలేదే.

లెక్కలపుస్తకం
మంగళవారం, ఉదయం 9.15

న్యాయమైన ప్రశ్న. అంకెలతోనే చెప్తాను.

1976 అసాధారణమైన వేసవే. జూన్ 23 నుంచి జులై 7 దాకా వరసగా 15 రోజులు ఇంగ్లండ్‌లో ఎక్కడో ఒకచోట 32 డిగ్రీలు దాటింది. కరవుకని ప్రత్యేకంగా డెనిస్ హోవెల్ అనే మంత్రిని నియమించారు. అయినా ఆ వేసవి మొత్తానికి గరిష్ఠం చెల్ట్‌నమ్‌లో వచ్చిన 35.9. దానికీ 2022లో వచ్చిన 40.3కీ మధ్య తేడా నాలుగు డిగ్రీల పైనే. రికార్డులు సాధారణంగా పదో వంతుల్లో జరుగుతాయి, 2022లో మాత్రం రికార్డు 38.7 నుంచి ఒక్కసారిగా 1.6 డిగ్రీలు దూకింది. మధ్య ఇంగ్లండ్ ఉష్ణోగ్రతలకు 1659 నుంచి నెలనెలా లెక్క ఉంది. థర్మామీటరుతో కొలిచిన వరసల్లో ప్రపంచంలో దీనికంటే పాతది లేదు. పెద్దాయన చెప్పే 1976 అందులో ఒంటరి శిఖరంలా కనిపిస్తుంది, ఈ ఇరవై ఏళ్ల వేసవులు మాత్రం నేలే పైకి లేచినట్టు కనిపిస్తాయి. దేశం మొత్తం సగటు 10 డిగ్రీలు దాటిన మొదటి ఏడాది 2022.

ఇక్కడి వాతావరణ శాఖ మెట్ ఆఫీస్ 2018లో ఇచ్చిన అంచనాలు చూడండి. భూమిని వేడెక్కించే వాయువుల ఉద్గారాలు ఎక్కువగానే కొనసాగితే 2070కల్లా వేసవులు 1 నుంచి 6 డిగ్రీల దాకా వేడెక్కొచ్చు, వేసవి వాన 60 శాతం దాకా తగ్గొచ్చు, చలికాలపు వాన 30 శాతం దాకా పెరగొచ్చు. ఏటిగట్టు గారి వరదా, ఇటుకగోడ గారి బీటలూ ఒకే ఇంటికి ఒకే ఏడాదిలో రావడం అప్పుడు వింతేం కాదు.

చుక్కనీరు
మంగళవారం, ఉదయం 11.00

వేసవి వాన తగ్గడమనే మాట దగ్గర ఆగాలనిపించింది. ఇక్కడ ఎప్పుడూ తుంపరే కాబట్టి నీటికి లోటు లేదనుకుంటాం. లండన్‌లో ఏడాదంతా కలిపి పడేది సుమారు 600 మిల్లీమీటర్లే. ఇంగ్లండ్‌లో చివరిగా కట్టిన పెద్ద జలాశయం డెర్బీషైర్‌లోని కార్సింగ్టన్, 1992లో. జనం పెరిగారు, చెరువు పెరగలేదు, పైపుల్లో వచ్చేదాంట్లో ఐదో వంతు దారిలోనే కారిపోతోంది. 2022 ఆగస్టులో థేమ్స్ పుట్టేచోటు చూద్దామని వెళ్లాను. నీరు కనిపించడానికి దాదాపు ఐదు మైళ్లు కిందికి నడవాల్సివచ్చింది. అంత దూరమూ నది గర్భంలో గడ్డి పసుప్పచ్చగా ఎండి కాలికింద చిటపటలాడింది.

పొలంగట్టు
మంగళవారం, సాయంత్రం 4.45

కేంబ్రిడ్జ్‌షైర్, లింకన్‌షైర్ పొలాల్లో పంటల సలహాదారుగా పనిచేస్తున్నాను. ఇళ్ల మాటలయ్యాయి కాబట్టి తిండి మాట నేనందుకుంటాను.

వేడెక్కితే పంటలు బాగా పండుతాయని కాగితం మీద లెక్క వేయడం తేలికే. ద్రాక్ష విషయంలో కొంత నిజం కూడా. కెంట్, ససెక్స్‌ల సుద్దనేలలో ఇప్పుడు షాంపేన్‌కు వాడే ద్రాక్ష పండుతోంది, టెటాంజే అనే ఫ్రెంచ్ సంస్థ 2015లో కెంట్‌లో భూమి కొంది. కానీ వెచ్చటి మార్చికి మోసపోయి చిగురు ముందే వస్తుంది, ఏప్రిల్‌లో ఒక్క రాత్రి మంచు కురిస్తే ఏడాది పంట పోతుంది. అలాంటి రాత్రి ఒక తోటలో ఉన్నాను. తెల్లవారుజామున మూడింటికి వరసల మధ్య వందల మైనపు డబ్బాలు వెలిగించి, మోకాళ్ల మీద ఒక్కో చిగురునీ టార్చితో చూసుకుంటూ పోయాడు ఆ రైతు. మంచు పట్టిన చిగురు మర్నాటికి ఉడికిన ఆకుకూరలా నల్లబడి వేలాడింది. బ్లాక్‌కరెంట్ అనే చిన్న నల్లటి పండుది ఇంకో ఇబ్బంది. చలికాలంలో వారాల తరబడి చలి తగలకపోతే వసంతంలో మొగ్గ సరిగా విచ్చుకోదు. చలి తగ్గడమూ ఆ తోటలకు నష్టమే.

ఇక గోధుమ. 2022 అక్టోబరు నుంచి 2024 మార్చి దాకా ఉన్న 18 నెలలూ ఇంగ్లండ్‌లో 1836 నుంచి ఉన్న రికార్డుల్లోకెల్లా అతి తడివి. 2023 అక్టోబరులో స్టార్మ్ బాబెట్, మళ్లీ జనవరిలో హెంక్. విత్తాల్సిన రోజుల్లో పొలంలోకి ట్రాక్టరు దిగలేదు, దిగినచోట నేల గట్టిపడి నీరు ఇంకలేదు. బురదలోంచి గింజలు తీసి వేలితో నొక్కితే పిండిలా చితికి పులిసిన వాసన వచ్చింది. మూడు తరాలుగా సాగు చేస్తున్న రైతొకాయన గట్టుమీద నిలబడి ఆ నీళ్లకేసి చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. నాకు ఆయనకు చెప్పడానికి సలహా లేదు.

ఈ దేశం తినేదాంట్లో దాదాపు 40 శాతం బయటినుంచే వస్తుంది. 2023 ఫిబ్రవరిలో స్పెయిన్, మొరాకోల్లో వాతావరణం దెబ్బతీస్తే ఇక్కడ టమాటా అరలు ఖాళీ అయ్యాయి, మనిషికి మూడే అని కొన్ని దుకాణాల్లో బోర్డులు పెట్టారు. ఇక్కడ వాతావరణం ఎంత మెత్తగా ఉన్నా పక్కవాళ్ల ఎండ మన కంచంలోకి వస్తుంది.

ఒక్క ముక్క అదనంగా రాస్తాను, నాకిష్టమైన చోటు కాబట్టి. కేంబ్రిడ్జ్‌షైర్‌లో హోమ్ ఫెన్ అనే పాత చిత్తడినేలలో ఒక ఇనుప స్తంభం ఉంది. 1851లో దాని తలను నేలమట్టానికి సమంగా పాతిపెట్టారు. ఇప్పుడు దాని పక్కన నిలబడితే తల మనకంటే ఎంతో ఎత్తున ఉంటుంది, సుమారు 4 మీటర్లు. స్తంభం కదల్లేదు, నేల దిగింది. పీట్ అనే ఆ నల్లమట్టి నీళ్లు తోడేయడంవల్ల ఎండి, కుంగి, గాల్లో కలిసిపోయింది. దానికి మూలం చిత్తడినేలను ఆరబెట్టడానికి పాతకాలంలో తవ్విన కాలువలు. ఇకమీదట పొడి వేసవులు ఆ పని ఇంకా వేగంగా చేస్తాయి. ఈ దేశపు కూరగాయల్లో చాలా భాగం పండేది ఆ మట్టిలోనే.

తూరుపుగాలి
మంగళవారం, రాత్రి 9.00

నార్ఫక్ తీరంలో ఉంటున్నాను. మా జిల్లాలో హెమ్స్‌బీ అనే ఊళ్లో ఇసుక దిబ్బమీది ఇళ్లను 2023లో కూల్చేశారు, కింది ఇసుకను సముద్రం తినేసింది. సముద్రం నేలను కోసేస్తే ఇంటి బీమా పనిచేయదు, ప్రభుత్వం ఇంటికి పరిహారమూ ఇవ్వదు. కూల్చడానికయ్యే ఖర్చుకు 6,000 పౌండ్ల దాకా గ్రాంట్ ఉంది, అంతే. నలభై ఏళ్లు కాపురమున్న ఇంటిని కూల్చే ఖర్చుకు దరఖాస్తు పెట్టుకోవడం ఎలా ఉంటుందో ఆలోచించండి.

పక్కన హ్యాపిస్‌బరాలో 2013లో అలలు ఇసుకను కోసేసినచోట 8 లక్షల ఏళ్లకు పైబడిన మనిషి పాదముద్రలు బయటపడ్డాయి. రెండు వారాల్లో ఆ అలలే వాటిని కడిగేశాయి.

వేల్స్‌లో ఫేర్‌బోర్న్ అని ఇంకో ఊరు. 2054 తర్వాత ఆ ఊరి కట్టను కాపాడుకుంటూ పోలేమని ప్రణాళికలో రాశారు. సముద్రం ఇంకా రాలేదు, ఆ తేదీ మాత్రం వచ్చేసింది. ఇళ్ల ధరలు పడ్డాయి, మార్ట్‌గేజ్ దొరకడం కష్టమైంది. లండన్‌కు 1982 నుంచి సముద్రపు పోటును ఆపే గేట్ల వరస, థేమ్స్ బ్యారియర్, అడ్డుంది. 2013-14 చలికాలంలోనే దాన్ని 50 సార్లు మూయాల్సివచ్చింది. దాని తర్వాత ఏం కట్టాలో 2040కల్లా తేల్చుకోవాలని అనుకుంటున్నారు. రాజధానికి గోడ కడతారు, నాకు అందులో తప్పు కనిపించదు. కానీ మా ఊళ్లవాళ్లు ఎక్కడికి పోవాలో కూడా అదే కాగితంలో రాయాలి కదా.

పిట్టగూడు
బుధవారం, ఉదయం 6.20

మనుషుల మాటల మధ్య ఒక పిట్ట మాట. ఆక్స్‌ఫర్డ్ పక్కన వైథమ్ వుడ్స్‌లో గ్రేట్ టిట్ అనే చిన్న పిట్టల గూళ్లను 1947 నుంచి లెక్కపెడుతున్నారు. అప్పటికంటే ఇప్పుడు అవి దాదాపు మూడు వారాలు ముందు గుడ్లు పెడుతున్నాయి. ఓక్ చెట్టు ముందే చిగురిస్తోంది, ఆ చిగురు తినే గొంగళిపురుగులు ముందే వస్తున్నాయి, పిల్లల నోటికి అందాలంటే పిట్టా తొందరపడాలి. ఇది ఇక్కడే ఉండే పిట్ట కాబట్టి పసిగట్టగలుగుతోంది. ఆఫ్రికానుంచి వచ్చే వలసపిట్టలకు ఇక్కడ వసంతం ముందే వచ్చిందని అక్కడ ఎవరు చెప్తారు?

కొత్తచిగురు
బుధవారం, మధ్యాహ్నం 12.50

మా ఆయన ఇప్పుడు ఈ చర్చ నాకంటే ముందే తెరిచి చదువుతున్నారు. ఆయన అడగమన్న చివరి ప్రశ్న: అట్లాంటిక్‌లో వేడినీటి ప్రవాహం ఆగిపోతే బ్రిటన్ వేడెక్కడం పోయి గడ్డకడుతుందని ఎక్కడో చదివారట. అదీ ఉందా?

లెక్కలపుస్తకం
బుధవారం, మధ్యాహ్నం 2.30

ఉంది, కానీ దాన్ని బట్టి ఇల్లు ఎంచుకోకండి. లండన్, కెనడాలోని కాల్గరీ దాదాపు ఒకే అక్షాంశంలో ఉంటాయి, చలికాలాలు చూస్తే నమ్మలేం. పడమటి సముద్రపు గాలులూ, ఉత్తరానికి వేడిని మోసుకొచ్చే అట్లాంటిక్ ప్రవాహమూ కలిసి ఈ దేశాన్ని కాస్తున్నాయి. ఆ ప్రవాహాన్ని 2004 నుంచి 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర పరికరాలతో నిరంతరం కొలుస్తున్నారు. ఈ శతాబ్దంలో అది బలహీనపడుతుందని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల బృందం ఐపీసీసీ 2021లో గట్టిగానే చెప్పింది. 2100లోపు ఒక్కసారిగా కుప్పకూలకపోవచ్చని కూడా చెప్పింది, ఆ రెండో మాట మీద వాళ్ల నమ్మకం మధ్యస్థమే. ఆగితే అది ఎవరికీ మేలు చేయదు. పట్టాలపక్క గారు చెప్పిన కొలత రెండో వైపు చిరుగుతుంది.

నైట్‌డ్యూటీ
బుధవారం, సాయంత్రం 6.10

కొత్తచిగురు గారూ, ఏ ఇల్లు తీసుకున్నా ఒక్కటి గుర్తుంచుకోండి. ముప్పై ఏళ్లలో ఇంటితోపాటు మీ వయసూ పెరుగుతుంది. మీ పెద్దవాళ్లు వచ్చి ఉంటారనుకుంటే వాళ్లను ఏ గదిలో పడుకోబెడతారో ఇప్పుడే చూసుకోండి. ఉత్తరపు గది, కింది అంతస్తు అయితే మంచిది. వేసవిలో హీట్ హెల్త్ అలర్ట్ పసుపు, అంబర్ (నారింజ పసుపు), ఎరుపు అని వస్తుంది, అంబర్ వచ్చినరోజు పక్కింటి ముసలివాళ్ల తలుపు తట్టండి.

కొత్తచిగురు
గురువారం, రాత్రి 9.35

మా ఆయన ఈ పొద్దున ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ మ్యాపు తెరిచి ఆ రాతి ఇంటి పోస్ట్‌కోడ్ వేశారు. ఏటి వరద ముప్పు మధ్యస్థం, వాననీటి ముప్పు ఎక్కువ అని వచ్చింది. ఏటిగట్టు గారూ, మీరు చెప్పకపోతే ఆ రెండోది చూసేవాళ్లమే కాదు. అమ్మేవాళ్లను గతంలో నీళ్లు వచ్చాయా అని రాతపూర్వకంగా అడిగాం. ఫ్లాట్ కాగితాలు కూడా తెప్పించాం, పార్ట్ ఓకు ముందు అనుమతితో కట్టిందే. ఎటూ తేలక ఇద్దరం కూర్చున్నాం. ఊరికి పైభాగాన, కొండవాలు మీద ఇంకో చిన్న ఇల్లు ఉందని ఏజెంటు చెప్పాడు, శనివారం చూడబోతున్నాం. ఏం చూడాలో చెప్పండి.

ఏటిగట్టు
గురువారం, రాత్రి 10.05

వాన పడుతుంటే వెళ్లండి. ఇంట్లోకి పోయేముందు పది నిమిషాలు రోడ్డుమీద నిలబడి, పైనుంచి నీళ్లు ఎటు మళ్లుతున్నాయో, కాలువ మూతల దగ్గర ఆకులు పేరుకున్నాయేమో చూడండి. గేటు దగ్గరనుంచి నేల ఇంటివైపు వాలుగా ఉందేమో చూడండి.

ఇటుకగోడ
గురువారం, రాత్రి 10.40

మళ్లీ ఎండున్న రోజు సాయంత్రం ఆరింటికి ఇంకోసారి వెళ్లండి. పడమటి గది తలుపు వేసుకుని పావుగంట కూర్చోండి. అటకమీదికి ఎక్కి చెయ్యి పెట్టి వేడి ఎంతుందో చూడండి. కిటికీలకు బయట రెక్కలు పెట్టుకోవడానికి కౌన్సిల్ అనుమతి కావాలేమో, ఇల్లు లిస్టెడ్ భవనమేమో, అంటే చారిత్రక విలువ ఉందని ప్రభుత్వ జాబితాలోకి ఎక్కినదేమో, ముందే కనుక్కోండి. సర్వే రిపోర్టు వచ్చాక ఆ పేజీలు ఇక్కడ పెట్టండి, చూస్తాను.